సంబా కోవెలలోని గోడ

తెలుగు ఛందోగ్రంథములతో పరిచయము గలవారికి ఆనందరంగపిళ్ళ పేరు క్రొత్తది కాదు. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమునకు 'ఆనందరంగరాట్ఛందము' అని పేరిడి కీర్తించినది ఈతనినే. తరువాతి కాలమున పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దొరకు ప్రధాన దుబాసియై, తెలుగు కవులచేతను సంస్కృత కవులచేతను పొగడించుకొన్న ఈ వర్తకుడు తాను మాత్రము పద్యములు వ్రాయలేదు. తమిళమున దినచర్య వ్రాసికొనెను. 1736లో మొదలుపెట్టి ఇంచుమించుగా జీవితాంతమువరకు, అనగా 1761వరకు, దానిని సాగించెను. ఓడల రాకపోకలు, బట్టల ధరలు, గ్రహస్థితులు, దొరల కోపతాపములు, పొరుగువారి అపకీర్తులు అన్నియు అందు ఒకే స్వరముతో నడచును. ఆ గ్రంథమును చరిత్రకారులు విరివిగా వాడుకొనిరి. దానిని సాహిత్యముగా చదివినవారు కొద్దిమంది. ఆరాధనకును కళకును గల సంబంధమును గురించి ఆలోచించుటకు దానిని తెరచినవారు ఇంకను తక్కువ. నేనిందు ప్రధానముగా 1745 అక్టోబరు నాటి ఒక దినపు వ్రాతను పట్టుకొని మాట్లాడదలచితిని.

పుదుచ్చేరిలోని అమలోద్భవిమాత ప్రధానదేవాలయమును జనులు నేటికిని సంబా కోవెల యందురు. సెయింట్ పాల్ అనుమాట తమిళుల నోట నలిగి సంబా యైనదని చెప్పుదురు. ఆనాటి కోవెలలో ఉత్తరపు వైపున లోపల ఒక గోడ యుండెను. దానికి ఒక ప్రక్క పరైయరు కులపు క్రైస్తవులు, రెండవ ప్రక్క అగ్రకులముల క్రైస్తవులు, తెల్లవారు, మిశ్రజాతివారు నిలిచి పూజ వినుచుండిరి. కారైక్కాలునుండి వచ్చిన ఒక పాదిరికి ఇది కంటగింపయ్యెను. ఆయన ప్రోత్సాహముతో పరైయరులు పెద్దగురువు కడకు పోయి, తామును ఆయన శిష్యులే యైనచో తమకీ భేదమేల యని అడిగిరి. గురువు ఒప్పుకొని గోడను పడగొట్టించెను. అందరును ఒక్కచోట గుమిగూడి ప్రార్థన వినిరి.

కథ ఇంతటితో ఆగియుండినచో ఉపదేశకులకు చక్కని దృష్టాంతము దొరకియుండెడిది. కాని రంగపిళ్ళ కలము ఆగలేదు. సన్నని మస్లిను చీర కట్టి, నగలు పెట్టి, పరిమళద్రవ్యము పూసికొని వచ్చిన ఒక సంపన్న గృహిణి గురువుచెంత మోకరిల్లినది. ఆయన ముక్కు మూసికొని, చేతికర్రతో ఆమె కొప్పును పొడిచి, సంసారివా ఆటకత్తెవా యని గద్దించి ఇంటికి పంపివేసెను. ఇకమీదట స్త్రీలెవ్వరును అట్టి వస్త్రములతో కోవెలకు రారాదనియు ఆజ్ఞ అయ్యెను. దానితో కులీనులైన క్రైస్తవులు మండిపడిరి. తగవు గవర్నరుదాక పోయెను. వైష్ణవుడైన రంగపిళ్ళ ఈ రచ్చనంతటిని పరుల ఇంటి తగవును పెరటిగోడపైనుండి చూచు పొరుగువాని రుచితో చెప్పుకొని పోవును. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పుటకంటె చీర నాణ్యమును గుర్తించుటయందు ఆయనకు శ్రద్ధ ఎక్కువ. ఆయన వర్తకుడు గదా.

ఆ శ్రద్ధ వలననే మనకొక సత్యము దక్కినది. గోడను కూల్చిన చేయియు కొప్పును పొడిచిన చేయియు ఒక్కటే. అందరిని ఒకచోట నిలిపిన గురువునకు ఆ జనుల సొగసు గిట్టలేదు. పట్టుచీరను, పూలను, అత్తరును దేవుని ఎదుటికి తెచ్చిన కులీనులకు గోడ కూలుట గిట్టలేదు. సమత్వము ఒకరి సొత్తు, సౌందర్యము వేరొకరి సొత్తు అయినది. ఈ రెండును ఒకే చేతిమీదుగా దేవాలయములోనికి రాలేకపోవుటయే పుదుచ్చేరి క్రైస్తవారాధన చరిత్రలోని అసలు చిక్కని నా అభిప్రాయము. ఆ దేవాలయముల శిల్పమును, సంగీతమును, ఉత్సవములను అంచనా కట్టువారు రంగు రేఖలను మాత్రము చూచి మెచ్చుకొనినచో పని సగమే అగును. ఆ రంగు రేఖలముందు ఎవరు ఎక్కడ నిలిచిరో కూడ చూడవలెను.

ఈ చిక్కు 1745లో పుట్టినదియు కాదు. అంతకు నలుబది సంవత్సరముల క్రిందట, 1704లో, పోపు ప్రతినిధిగా తూర్నో అను ఆయన చైనాకు పోవుచు పుదుచ్చేరిలో కొన్ని నెలలు ఆగెను. యేసుసభ గురువులు ఈ దేశాచారములకు ఎక్కువగా లొంగిరను ఆరోపణపై విచారణ జరిపి ఆయన ఒక శాసనమును ప్రకటించెను. పిళ్ళైయారు రూపముగల తాళిని క్రైస్తవస్త్రీలు ధరింపరాదు, విభూతి పూసికొనరాదు, క్రైస్తవ వాద్యకారులు హిందూదేవాలయములలో వాయింపరాదు. అదే శాసనములో మరికొన్ని మాటలును కలవు. రజస్వలలను దేవాలయమునకు రాకుండ ఆపరాదు. పరైయరు జబ్బుపడినచో గురువు వాని గుడిసెకే పోయి సంస్కారము లీయవలెను. చదువరి ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను. మొదటి పట్టిక మెడలోని నగను, నుదుటి బొట్టును, చేతిలోని నాదస్వరమును లాగికొనుచున్నది. రెండవది గుడిసె తలుపును తెరచుచున్నది. రెంటి క్రిందను సంతకము ఒక్కటే.

యేసుసభ గురువులు ఆ శాసనమునకు ఏండ్లతరబడి అడ్డుపడిరి. వారిని తప్పుపట్టుట సులభమే గాని, ఈ భాషలపైన వారికుండిన ప్రేమను కాదనలేము. పుదుచ్చేరి కేంద్రముగా తెలుగునాటను నడచిన కర్ణాటక మిషనులోని కూర్దూ గురువు మన భాషను క్షుణ్ణముగా నేర్చి నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు లాటినునకు గల బంధుత్వమును ఐరోపా పండితులకు వ్రాసి తెలిపినవారిలో ఆయన మొదటి వరుసలోనివాడు. మంగళగిరి ఆనందకవి క్రీస్తుకథను 'వేదాంతరసాయనము' అను పద్యకావ్యముగా సంతరించినదియు ఆ పదునెనిమిదవ శతాబ్దిలోనే. సొగసైన కావ్యమే. కాని అది చదువరుల అరుగుమీదనే నిలిచినది, గుడిసెదాక దిగిరాలేదు. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు తుదితీర్పు చెప్పి వివాదమును మూసివేసెను. సంబా కోవెలలో గోడ కూలినది ఆ మరుసటి యేడే.

1745 సంవత్సరమునకే చెందిన ఇంకొక సంగతిని రంగపిళ్ళ విడువలేదు. ఆనాటి ప్రధాన దుబాసి కనకరాయ ముదలి క్రైస్తవుడు. చనిపోయిన కుమారుని జ్ఞాపకార్థము పుదుచ్చేరి సమీపమున ఒఴుకరైలో దేవాలయము కట్టించి, నవంబరులో దాని ఉత్సవమునకు ఊరివారినెల్ల పిలిచెను. బ్రాహ్మణులు, వెళ్ళాలులు, మన కోమటులు, చెట్లు, అందరును అతిథులే. ఎవరి ఆచారము చొప్పున వారికి వేరువేరుగా భోజనపుటేర్పాటు. రంగపిళ్ళకు ఇదియు నచ్చలేదు. ఇటు క్రైస్తవ మర్యాదకును అటు హిందువుల మర్యాదకును పూర్తిగా చెందని విందు అని ఆయన ఆక్షేపణ. ఇందులో ప్రత్యర్థిపై అసూయ కొంత లేకపోలేదు; ఐనను దోషమును కనిపెట్టిన చూపు సూటియైనది. పుత్రశోకముతో కట్టిన గుడి ముంగిట ఊరంతయు భోజనము చేసినది గాని ఒక్క పంక్తిలో కాదు.

ఇంకొక గోడ మాటను దాటవేసినచో ఈ వ్యాసము నిజాయితీ లేనిదగును. సంబా కోవెల పొరుగుననే వేదపురీశ్వరుని ఆలయముండెడిది. 1748లో ఆంగ్లేయులు పట్టణమును ముట్టడించిన సమయమున ఫ్రెంచివారు దానిని కూల్చిరి. అందుకు పాదిరుల పట్టుదలయు, డూప్లే దొరసాని పట్టుదలయు కారణములని దినచర్య చెప్పుచున్నది. అప్పుడు మాత్రము రంగపిళ్ళ పొరుగువాని పరిహాసమును మరచిపోవును. 1761లో ఆంగ్లేయులు పట్టణమును నేలమట్టము చేసినప్పుడు సంబా కోవెలయు కూలినది. నేడు మనము చూచుచున్న భవనము 1791లో పూర్తియైనది. కాబట్టి ఆ గోడ నిలిచిన నేలను చూడగోరి పోవువారికి గోడయు కానరాదు, ఆ గోడ నిలిచిన కోవెలయు కానరాదు. పాదరులు వెళ్ళగొట్టిన వేల్పు మాత్రము కొంతదూరమున వేరొక ఆలయములో కొలువై యున్నాడు.

పట్టణములోని మిగిలిన దేవాలయముల శిల్పమును గురించి చెప్పవలసినది కొంచెమే. సముద్రతీరమునకు చేరువనున్న దేవదూతల రాణి ఆలయము 1855 నాటిది. కోడిగ్రుడ్డు సొన కలిపిన సున్నముతో మెరుగుపెట్టిన దాని గోడలు పాలరాతివలె నునుపుగా నుండును. రైలు స్టేషను దగ్గరి తిరుహృదయాలయము 1902లో ఆరంభమై 1907లో పూర్తియైన గోథిక్కు కట్టడము. 2011లో దానికి బసిలికా గౌరవము లభించినది. దాని రంగుటద్దముల గవాక్షములగుండ సాయంకాలపు ఎండ నేలపై పడుట చూడదగినదే. కాని అద్దములలోని పునీతులు ఎవ్వరితోను మాట్లాడరు. చూచి, తల పైకెత్తి, మెచ్చుకొని వెళ్ళిపోదుము. యాత్రికులకును సంఘమునకును అక్కడ భేదము కనబడదు.

నిజమైన కళను చూడగోరినచో పట్టణమునకు పడమట నున్న విల్లియనూరు పోవలెను. అచ్చటి లూర్దుమాత ఆలయము 1870ల నాటిది. దాని ఎదుట హిందూదేవాలయములకున్నట్లు ఒక కోనేరు కలదు. ఫ్రాన్సులోని లూర్దునుండి తెచ్చిన నీరు అందులో కలిసినది. ఊరిలోని తిరుకామీశ్వరుని గుడికిని కోనేరు, రథము కలవు. కనుక విల్లియనూరునకు రెండు కోనేళ్ళు, రెండు రథములు. ఈస్టరు తరువాత జరుగు ఉత్సవమున మాత రథమును లాగుటకు వచ్చువారిలో మతము అడుగువాడు లేడు. కోనేటి నీటిని సీసాలలో పట్టుకొని పోవు స్త్రీలలో నుదుట కుంకుమ గలవారును ఎందరో. ఈ కోనేటిని ఏ వేదాంతియు ప్రతిపాదింపలేదు. ఏ సభయు తీర్మానింపలేదు. దేవుని ఇంటిముందు నీరుండవలెనని ఈ దేశపు జనులకు ఎప్పటినుండియో తెలిసియున్నది, అంతే. పూలు, దీపములు, బాజా, వీధి మలుపులో రథము ఒరిగినప్పుడు గుంపునుండి లేచు కేక, వీటిలో ఏది అలంకారము, ఏది ప్రార్థన అని విడదీయుట నావలన కాలేదు.

ఐతే రథము ఏయే వీధులలో తిరుగును, ఏ వీధి మొగదలనుండి వెనుకకు మరలును అను ప్రశ్నను అడుగక తప్పదు. పుదుచ్చేరి–కడలూరు అగ్రమేత్రాసనము పరిధిలోని ఎఱైయూరులో 2008 మార్చిలో వన్నియ క్రైస్తవులకును దళిత క్రైస్తవులకును పెద్ద కలహము జరిగినది. దళితుల శవయాత్ర ఊరి ప్రధానవీధిగుండ పోవచ్చునా, వారికి వేరుగా విచారణ గురువు ఉండవలెనా అనునవి తగవునకు మూలములు. పోలీసుల కాల్పులలో ఇద్దరు చనిపోయిరి. 1745లో పరైయరులు గోడను తీసివేయుడని అడిగిరి. 2008లో వారి వారసులు మాకు వేరుగా ఒక గుడి నిండని అడుగవలసి వచ్చినది. ఈ రెండు కోరికలకు నడుమ గడచిన 263 సంవత్సరములలో తిరునెల్వేలి ప్రాంతపు వడక్కన్‌కుళములో కులమునకొక ప్రక్కగా రెండు కాళ్ళ లాగువలె ఆలయమునే రెండు పాయలుగా కట్టిరి. లోపలి అడ్డులను 1910లో పడగొట్టిరి. శిల్పి కులమునకు నేరుగా కొలువుచేసిన దృష్టాంతము ఇంతకంటె స్పష్టమైనది దొరకదు.

సౌందర్యమును, సంఘమును ఒకటిగా చేయవలెనని బుద్ధిపూర్వకముగా పూనుకొన్నవారిలో ముఖ్యుడు ఈ అగ్రమేత్రాసనపు గురువే. డి. ఎస్. అమలోర్పవదాస్ (1932–1990) 1967లో బెంగుళూరున జాతీయ కేంద్రమొకటి నెలకొల్పి, రెండవ వాటికను మహాసభ ఇచ్చిన స్వాతంత్ర్యమును భారతీయారాధనకు అన్వయింపజూచెను. 1969లో రోము అంగీకరించిన పండ్రెండు అంశములు ఆ కృషికి సంబంధించినవే. చెప్పులు విడిచి నేలపై కూర్చుండుట, మోకరిల్లుటకు మారుగా అంజలి, పంచాంగ ప్రణామము, క్రొవ్వొత్తికి మారుగా నూనెదీపము, హారతి, అంగవస్త్రము. తూర్నో లాగికొనిన వానిలో కొన్నిటిని రెండువందల అరువదియైదేండ్లకు పుదుచ్చేరి గురువొకడు తిరిగి అడిగి తెచ్చుకొన్నట్లయినది. ఆయనపై దాడి మూడు వైపులనుండి వచ్చినది. ఇది హిందూకరణమని ఛాందస క్రైస్తవులు కొందరనిరి. ఇది మారువేషమని హిందువులు కొందరనిరి. ఈ రెండును నన్నంతగా కదలింపలేదు. దీపము ఒకరి సొత్తు కాదు.

మూడవ ఆక్షేపణ దళిత క్రైస్తవులది. అది బరువైనది. ఈ హారతి, ఈ ఓంకారము, ఈ ఉపనిషద్వాక్యములు ఏ గర్భగుడినుండి వచ్చినవో ఆ గుడి గడప దాటనీయనందున గదా మా తాతలు ఇటు వచ్చినది, వాటినే ఇక్కడ మరల మాకు ఎదురుచూపుదురా యని వారు అడిగిరి. భారతీయత అనగా ఏ భారతీయులది? అమలోర్పవదాస్ కులభేదమును సహించినవాడు కాడు. ఆయన కూర్చిన ఆరాధనలోని నిరాడంబరమైన గాంభీర్యము కృత్రిమమును కాదు. కాని ఆయన పండ్రెండు అంశములలో దీపమున్నది, పరై లేదు. చావుడప్పని పేరుపడిన ఆ వాద్యమును పూజలోనికి తెచ్చినవారు వేరు. మధురైలోని దైవశాస్త్ర కళాశాలలో బోధించిన ప్రొటెస్టంటు గురువు థియోఫిలస్ అప్పావు, జనులు పరట్టై యని పిలుచుకొన్నాయన, పల్లెపాటల బాణీలతో ఆరాధనక్రమమునే సమకూర్చెను. అందరి గింజలును ఒకే కుండలో వండి అందరును తినుటయే ప్రభుభోజనమని ఆయన బోధ. కనకరాయ ముదలి విందుకు జవాబు రెండున్నర శతాబ్దములకు దొరకినదని చదువరి అనుకొనవచ్చును. సొగసును, సమపంక్తిని ఒకే చేతిలో పట్టుకొని వచ్చినవాడు అప్పావు.

మన తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. తిరునెల్వేలి సీమనుండి వచ్చి 1912లో బిషప్పైన అజరయ్య, మాల మాదిగల సంఘముకొరకు దోర్నకల్లులో కట్టించిన ప్రధానాలయము 1939లో ప్రతిష్ఠితమైనది. దేవళపు స్తంభములను, మసీదు గుమ్మటములను ఒకచోట చేర్చిన కట్టడమది. పరదేశపు గోథిక్కును మాని ఇంత ఘనతగల ఇంటిని బీదల పేర కట్టుట సాహసమే. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పుస్తకము చదువలేనివారి నోట పల్లెలలో ఒక శతాబ్దికిపైగా తాళములతో మ్రోగినవి. ఇక జాషువ. 1941 నాటి 'గబ్బిలము'లో గుడిలోనికి పోలేని మనుష్యుడు, గుడి కప్పుకు వ్రేలాడగల పక్షితో తన మొర శివునికి పంపెను. కవి క్రైస్తవుడు, మొర వినవలసినది శివుడు, మధ్య నున్నది గోడ. సంబా కోవెల గోడను గురించి ఏ భాషలోనైనను ఇంతకంటె మంచి విమర్శను నేను చదువలేదు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. పండితులు తమ ఇంటి సొత్తనుకొన్న పద్యమును ఆయన వారి చేతినుండి అడిగి పుచ్చుకొనలేదు, తనదిగా వాడుకొనెను. ఆరాధనలోని సౌందర్యమును గురించి అమలోర్పవదాస్‌కు, దళితులకు జరిగిన వాదములో ఈ సంగతి ఎవ్వరికిని తోచకపోవుట ఆశ్చర్యము. పై వర్ణముల కళయైనంతమాత్రమున దానిని విడిచిపెట్టవలెనా, లాగికొనవలెనా? జాషువ లాగికొనెను, అప్పావు తన డప్పునే గుడిలోనికి తెచ్చెను. ఈ ఇరువురిలో ఎవరి త్రోవ మేలో నేను తేల్చుకొనలేకున్నాను.

ఇప్పటి దేవాలయములలో, పుదుచ్చేరిలోనే కాదు, యానాములోను, గుంటూరులోను, హైదరాబాదులోను ఒక క్రొత్త ఏర్పాటు కానవచ్చుచున్నది. బలిపీఠమునకు ఒక ప్రక్క గాయకబృందము, కీబోర్డు, డ్రమ్ములు, ధ్వనివర్ధకములు. పాటలు సినిమాపాటల ఒరవడిలో, త్వరత్వరగా మారుచుండును. వాద్యముల నేర్పును తక్కువచేయను. ఆ పడుచువారి ఉత్సాహము నిజమైనదే. కాని ధ్వనివర్ధకము మ్రోగినప్పుడు నేలమీద కూర్చున్నవారి నోళ్ళు మూతపడుట ఎన్నియో చోట్ల చూచితిని. పల్లవి రెండవసారి వచ్చులోపలనే వరుస మారిపోవును, ముసలివారు అందుకొనలేరు. చౌదరి కీర్తనను తాళమువేసి నడపిన పల్లెటూరి స్త్రీ నేడు శ్రోత మాత్రమే అయినది.

సాయంకాలపూజకు ముందు జపమాల చెప్పుకొనునప్పుడు మాత్రము పరిస్థితి వేరు. ఎవరో ఒకామె స్తంభమునకానుకొని సగము ప్రార్థన ఎత్తుకొనును. తక్కిన సగము అందరును అందుకొందురు. అందులో రాగము పెద్దగా లేదు, యంత్రము లేదు. పట్టుచీరలును నూలుచీరలును ఒకే చాపమీద నుండును. గాయకబృందమువారు వచ్చి తీగలు బిగించి మైకును తట్టి చూచువరకు అది సాగుచునే యుండును.